అమ్మమ్మ వార్డులో ఫ్రిజ్జు

ఐర్లండ్ మొత్తమ్మీద ఒక ఫ్రిజ్జుని అడ్మిట్ చేసుకుని, పన్నెండు రోజులు నర్సింగ్ చేసి, నడిచే స్థితిలో డిశ్చార్జి చేసిన మనిషి మా అమ్మమ్మ దేవకుమారి ఒక్కతే. ఐర్లండ్ ఏమిటి, భూగోళం మీద ఇంకొకరుంటే తీసుకురండి. నేను కాలేజీ మధ్యలో మానేసినదాన్నే కానీ, ఈ విషయంలో మాత్రం పందెం కాస్తాను.

అమ్మమ్మకున్న జబ్బు ఒక్కటే. ఆవిడ కళ్లకి ప్రతి వస్తువూ పేషెంటే. గుంటూరు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై అయిదేళ్లు మగవాళ్ల వార్డు సిస్టరుగా చేసింది. రిటైరైన మర్నాటి నుంచి ఇంట్లో సామాన్లని చేర్చుకోవడం మొదలుపెట్టింది. కెటిల్ ఆలస్యంగా మరిగితే "దీనికి కడుపులో బాగాలేదు" అని నిమ్మరసం పట్టిస్తుంది. ఓసారి మా కారు స్టార్టవకపోతే, "రాత్రంతా చలిలో పడుకోబెట్టి పొద్దున్నే పరిగెత్తమంటే ఎలా?" అని బానెట్ మీద దుప్పటి కప్పింది. పక్కింటి ఐరిష్ ఆయన గోడ మీంచి తొంగిచూసి ఏమైందని అడిగాడు. "స్టేబుల్" అంది అమ్మమ్మ.

రెండు వేల ఇరవై ఫిబ్రవరిలో ఆవిడ మూడు నెలలుండి వెళ్దామని కాజిల్‌బార్‌లోని మా ఇంటికి వచ్చింది. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. డెబ్బై దాటినవాళ్లు గడప దాటకూడదని ప్రభుత్వం చెప్పింది. అమ్మమ్మకి డెబ్బై మూడు. "అరవై తొమ్మిదని చెప్పవే" అంది నాతో. ఎవరికి చెప్పాలో నాకు అర్థం కాలేదు.

మా అమ్మ రోజీ కూడా నర్సే. అప్పుడు కోవిడ్ వార్డులో డ్యూటీ. ఇంటికొచ్చి తిన్నగా మేడ మీద చిన్న గదిలోకి పోయి తలుపు వేసుకునేది. కంచం గుమ్మం బయట పెట్టేవాళ్లం. మా నాన్న గిడియన్ హోటల్లో వంటవాడు. హోటల్ మూతపడింది. ఒంటిచేత్తో వందమందికి వండే మనిషి, సోఫాలో గోడకేసి తిరిగి పడుకున్నాడు. గడ్డం పెరిగింది, మాట ఆగిపోయింది. అమ్మ తలుపు వెనక నుంచి రోజూ ఒక్కటే అడిగేది.

"నాన్న లేచాడా?"

"గ్రాండ్ అమ్మా, లేచాడు" అనేదాన్ని. గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ల భాషలో బాగున్నాడని. పచ్చి అబద్ధం.

ఆయన లేచేది ఒక్క ఫ్రిజ్జు కోసమే. హోటల్ మూసిన రోజు బార్‌లో పనిచేసే స్నేహితుడు ఇరవై లీటర్ల బీరు తయారు చేసుకునే సామాను ఇచ్చి పంపాడు. ఆ బకెట్టుని పందొమ్మిది డిగ్రీల దగ్గర ఉంచాలట. అందుకని వెనక షెడ్డులో ఉన్న పాత ఫ్రిజ్జులో బకెట్టు పెట్టి, దాని పక్కన ఒక చిన్న హీటరు పెట్టాడు. బయట వేడి కొలిచి అంకె చూపించే ఒక డబ్బా, దాని సెన్సరు వైరు బకెట్టుకి అంటించి ఉంది. డబ్బాకి రెండు సాకెట్లు. ఒకదాంట్లో ఫ్రిజ్జు ప్లగ్గు, ఇంకోదాంట్లో హీటరు ప్లగ్గు. లోపల వేడెక్కితే డబ్బా ఫ్రిజ్జుని లేపుతుంది, చల్లబడితే హీటరుని లేపుతుంది. రోజుకోసారి వెళ్లి అంకె చూసి వచ్చి, మళ్లీ పడుకునేవాడు. జీవితంలో మందు చుక్క ముట్టని అత్తగారికి మాత్రం అది వెనిగర్ అని చెప్పాడు.

ఓ ఉదయం షెడ్డులోంచి నాన్న కేక వినబడింది. అమ్మమ్మ శాలువా కప్పుకుని వెళ్లింది, వెనకాల నేను.

"అత్తయ్యగారూ, ఫ్రిజ్జు పాడైపోయింది. ముప్పై ఒకటి చూపిస్తోంది. ఇలాగే ఉంటే లోపల ఈస్ట్ చచ్చిపోతుంది."

"పాడైందో లేదో మనం తర్వాత చెబుదాం. ఎప్పట్నించి ఇలా?"

"నిన్న పొద్దున బానే ఉంది."

"ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?"

"లేదండీ."

"నిన్న మీరేం చేశారు?"

"ఏమీ లేదు. షెడ్డులో కొంచెం వాక్యూమ్ పెట్టాను. ఈ ప్లగ్గులు అడ్డమొస్తే తీసి, మళ్లీ పెట్టేశాను."

అమ్మమ్మ ప్లగ్గులకేసి చూసింది. తర్వాత నాన్న మొహంకేసి చూసింది. ఆ మొహాన్ని ఇంకా ఎక్కువసేపు చూసింది.

"హూఁ. కేసు సీరియస్సే బాబూ. అడ్మిట్ చేసుకోవాలి."

కాసేపు డబ్బా ఆపించి, బకెట్టుకి తడిగుడ్డలు చుట్టించి, చల్లబడ్డాక మళ్లీ వేయించింది. మర్నాడు పొద్దున చూస్తే ఎనిమిది డిగ్రీలు. నాన్న తల పట్టుకున్నాడు. "నిన్న ఒళ్లు కాలిపోయింది, ఇవాళ గడ్డకట్టేలా ఉంది. ఏం రోగమండీ ఇది?"

"మలేరియా కావచ్చు" అంది అమ్మమ్మ, తొణక్కుండా.

ఆ క్షణం నుంచి షెడ్డు వార్డైపోయింది. డబ్బాని నమ్మొద్దు, చేత్తోనే నర్సింగ్ చెయ్యాలని ఆర్డరు. చల్లబడితే నాన్న హీటరు ప్లగ్గు తెచ్చి గోడ సాకెట్లో పెట్టాలి, వేడెక్కితే ఫ్రిజ్జు ప్లగ్గు. ఉదయం ఆరు, పదకొండు, నాలుగు, తొమ్మిది, ఇవీ డ్యూటీ వేళలు. తలుపు మీద చార్టు వేలాడింది. డ్యూటీలో లేనివాళ్లు దాన్ని ముట్టకూడదు. అంటే నేను.

మొదటిరోజు ఆరింటికి నాన్న కళ్లు నులుముకుంటూ వచ్చాడు. అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గడ్డంతో వార్డులోకి రానివ్వను."

"ఫ్రిజ్జేగా అత్తయ్యగారూ!"

"ఇన్ఫెక్షన్‌కి అది ఫ్రిజ్జని తెలుసా? వెళ్లి గీసుకురండి."

గీసుకొచ్చాడు. "టిఫిన్ తిన్నారా? ఖాళీ కడుపుతో డ్యూటీ చెయ్యనివ్వను." వెళ్లి తిన్నాడు. అప్పటికి ఆరున్నర. బకెట్టు మూత మీది గొట్టంలోంచి గుడగుడమని బుడగలొస్తుంటే, అమ్మమ్మ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. "నిమిషానికి పద్నాలుగు. శ్వాస బాగుంది. రాసుకోండి."

నాన్నకేమో తొందర. తలుపు రబ్బరు మార్చేద్దాం, ఫ్రిజ్జు చలి మీట తిప్పేద్దాం, సెన్సరు వైరు కొత్తది తెప్పిద్దాం, అన్నీ ఒక్కరోజే చేసేద్దామంటాడు.

"రోజుకి ఒక్క మందే" అంటుంది అమ్మమ్మ. "అన్నీ కలిపి ఇస్తే, ఏది పనిచేసిందో ఎవరు చెప్తారు? మీరు కూరలో నాలుగు మసాలాలు ఒకేసారి మార్చి రుచి చూస్తారా?"

ఒకరోజు తలుపు సందులో కాగితం పెట్టి లాగి చూశారు. కాగితం గట్టిగానే పట్టింది, రబ్బరు బాగుంది. ఒకరోజు మీట తిప్పారు. ఒకరోజు సెన్సరుని బకెట్టు ఇటువైపు నుంచి అటువైపు అంటించారు. ప్రతి మందు తర్వాతా ప్లగ్గుల్ని డబ్బాలో ముందున్న సాకెట్లలోనే పెట్టి చూడ్డం, అది వేడెక్కితే ఇంకా వేడెక్కడం, చల్లబడితే ఇంకా చల్లబడటం. "దీనికి మతి పోయింది" అనేవాడు నాన్న. "పేషెంటు ముందు అలా మాట్లాడకండి" అనేది అమ్మమ్మ.

నాలుగోరోజు నేను షెడ్డు కిటికీలోంచి చూస్తుంటే నాకు వెలిగింది. వంటింట్లో అమ్మమ్మని పట్టుకున్నాను.

"అమ్మమ్మా, ఆ రెండు ప్లగ్గులూ తారుమారయ్యాయి. వేడెక్కినప్పుడల్లా డబ్బా హీటరునే లేపుతోంది!"

"నువ్వు డ్యూటీలో ఉన్నావా?"

"లేదు."

"అయితే నోరు మూసుకుని ఉల్లిపాయలు తరుగు."

అంటే ఆవిడకి ముందే తెలుసన్నమాట! అది బీరని పసిగట్టి, మెల్లిమెల్లిగా చంపేస్తోందనుకున్నాను. కానీ చంపదలచుకున్న మనిషి దానికి తడిగుడ్డలెందుకు మారుస్తుంది? బుడగలు తగ్గితే "ఏమ్మా, ఏమైంది?" అని బకెట్టు నిమరడమెందుకు? నాకు ఫ్రిజ్జూ అర్థం కాలేదు, అమ్మమ్మా అర్థం కాలేదు. ఉల్లిపాయలు తరిగాను.

పన్నెండోరోజు పదకొండు గంటల డ్యూటీలో నాన్న వైర్లని వేలితో తడుముతూ ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయాడు. తర్వాత బురద చెప్పులతోనే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"అత్తయ్యగారూ! ప్లగ్గులు! తారుమారు! నేనే పెట్టాను, వాక్యూమ్ పెట్టినప్పుడు తీసి నేనే తప్పుగా పెట్టాను!" అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని నెల దాటింది.

ముప్పై అయిదేళ్లలో ఏ డాక్టరు ముందూ తనకి తెలియదని ఒప్పుకోని మా అమ్మమ్మ, బుగ్గ మీద వేలేసుకుంది.

"అయ్యో, నాకు తట్టనే లేదు బాబూ! మీరు కాబట్టి పట్టుకున్నారు."

నాన్న మేడ మెట్ల మీద కూచుని ఆ కథంతా గది తలుపుకి చెప్పాడు. తలుపు వెనక అమ్మ నవ్వుతూనే ఉంది. మధ్యలో ఒకసారి ముక్కు చీదుకుంది కూడా.

సాయంత్రం అమ్మమ్మ చార్టు తలుపు మీంచి తీసేస్తుంటే లాక్కుని చదివాను. ఉష్ణోగ్రత, శ్వాస అయిపోయాక ఇంకో మూడు గళ్లున్నాయి. నిద్ర, ఆహారం, మాట. ఫ్రిజ్జుకి నిద్రేమిటి? మొదటిరోజు కింద ఇలా ఉంది. "నిద్ర మూడు గంటలు. ఆహారం టీ. మాట లేదు." చివరిరోజు కింద, "నిద్ర ఏడు గంటలు. ఆహారం నాలుగు దోసెలు. మాట ఆపడం కష్టం."

చార్టు మడిచి ఆవిడ చేతికిచ్చాను. కానీ నా బుద్ధి పోనిచ్చుకోలేదు.

"అమ్మమ్మా, అది వెనిగర్ కాదు, తెలుసా?"

"మగవాళ్ల వార్డులో ముప్పై అయిదేళ్లు చేశానే. చూడ్డానికొచ్చేవాళ్లు ఫ్లాస్కుల్లో ఏం తెచ్చేవాళ్లో నాకు తెలీదా?"

"మరి నాన్నని లేపడానికి ఇంత నాటకమెందుకు? నాతో చెబితే రోజూ ఆరింటికి నేనే లేపేదాన్నిగా!"

"నువ్వా? నిన్ను లేపడానికి ఇంకో ఫ్రిజ్జు చెడగొట్టాలి."