జపాను దేవదారు నూనె

మా ఆవిడ జడ సంగతి తెలియనివాళ్లు నరసాపురంలో లేరు. తలంటుకున్న రోజున జుట్టు ఆరబెట్టడానికి మా పెరడు చాలక పక్కవాళ్ల పెరడు అడిగి పుచ్చుకునేవాళ్లం. అటువంటి జుట్టుకు నాలుగు నెలలుగా చుక్క నూనె లేదు, దువ్వెన లేదు. మా అయిదేళ్ల పిల్ల జ్వరంతో పోయిన నాటి నుంచి ఆవిడ తల ముట్టుకోనివ్వలేదు. అన్నం కూడా పిల్ల తినేటంతే తినేది. జుట్టు అట్టలు కట్టింది, ఇక కత్తిరించక తప్పదని మాతో ఉండే మా అక్క అంది. నేను గడువు అడిగాను.

మిషను బడి పని మీద కాకినాడ వెళ్లినప్పుడు రేవులో జపాను ఓడ వంటవాడి దగ్గర ఒక నూనె సీసా దొరికింది. వాడు చేతులతో ఆకాశమంత చెట్టునీ, స్నానాల తొట్టినీ, ఆడవాళ్ల జుట్టునీ చూపించాడు. పక్కనున్న మన కళాసీ, అదో రకం దేవదారనీ, అక్కడి దొరసానులు ఒంటికి రాసుకుంటారనీ చెప్పాడు.

తిరుగు పడవలో బిరడా కారింది. ప్రయాణికులందరూ ముక్కులు మూసుకుని అవతలి పక్కకు జరగడంతో పడవ ఒరిగింది. సరంగు నన్ను నట్టనడుమ కూర్చోబెట్టి లోకాన్ని కాపాడాడు.

ఇంట్లో మా అక్క వాసన చూసి, "తమ్ముడూ, ఇది తలకా, తలుపుకా?" అంది. ముగ్గురి వంతు నవ్వూ నేనే నవ్వాను.

మా ఆవిడ చెయ్యి చాపి సీసా అందుకుంది. నాలుగు నెలల్లో నేను తెచ్చినదానికి ఆవిడ చెయ్యి చాపడం అదే మొదలు. కళ్లు మూసుకుని వాసన చూసింది. ఇక జడ దక్కిందనుకున్నాను.

"పెట్టె వాసనండి ఇది," అంది.

అప్పటికి గాని నా ముక్కుకు తెలివి రాలేదు. మా బడి దొరగారికి సీమ నుంచి పుస్తకాలు దేవదారు పెట్టెల్లో వచ్చేవి. పిల్ల పోయిన రోజు వేరే కలప దొరక్క, వడ్రంగి అందులో ఒకటి విప్పి పిల్లను సమాధి చేసే పెట్టె చేశాడు. పైనున్న సిరా అక్షరాలను చిత్రిక పట్టాడు గాని, ఆ ఎండకు వాసన ఇల్లంతా నిండింది. దాన్నే నేను పడవెక్కించి, నవ్వుకుంటూ తెచ్చాను.

సీసా తీసుకోబోతే ఇవ్వలేదు. రోజూ దూదిని అందులో ముంచి, పిల్ల తలగడలో దోపి, దానికి మొహం ఆనించి పడుకునేది. జుట్టుకు చుక్కయినా రాయలేదు. మరుసటి వారం మా అక్క కత్తెర పట్టుకు వచ్చినా తలగడ మీంచి మొహం ఎత్తలేదు. ఆ జుట్టు రెండు బండ్లయిందని రాయాలని ఉంది. చిన్న బుట్టెడే అయింది.

నెల తిరక్కుండానే, సగం నిండుగా ఉన్న సీసా పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"ఏమండీ, వాసన రావడం లేదు. మీకొస్తోందా?"

బిరడా తీశాను. పడవలో ఉన్నంత ఘాటూ ఉంది. వస్తోందన్నాను.

"ఎలా ఉందో చెప్పండి," అని నా ఎదురుగా కూర్చుంది.

పెట్టె మాట ఎత్తకుండా, కొత్త చెక్క అన్నాను. తడిసిన రంపపు పొట్టు అన్నాను. ఎండిన నిమ్మతొక్క అన్నాను. ఒక్కొక్క మాటకూ కాదని తల ఊపింది. నాకు మాటలు అయిపోయాక లేచి లోపలికి వెళ్లిపోయింది.