మెత్తనివాటికి ఉదాహరణ

రిటైరవడానికి రెండేళ్ల ముందు నన్ను పాతపట్నం దగ్గర ఒక కొండవారి ఊరి ప్రాథమిక పాఠశాలకు ఎల్‌.ఎఫ్‌.ఎల్‌. ప్రధానోపాధ్యాయుడిగా వేశారు. ఆడపిల్లల చదువు వెనకబడిన ఊళ్ల కోసం పెట్టిన పోస్టు అది. ఈ సంగతి నేను చేరిన ఏడాది డిసెంబరులో జరిగింది. నాది విజయనగరం టౌను. డిగ్రీలో బోటనీ చదివాను. ఆ ముక్క అవసరం లేనిచోట కూడా చెప్పుకునేవాణ్ణి.

అప్పటికి మా బడికి ఒక గండం ఉంది. పిల్లలు తక్కువున్నారని మూడు, నాలుగు, అయిదు తరగతులను గెడ్డ అవతలి హైస్కూలులో కలిపేయాలన్న ప్రతిపాదన వచ్చింది. వానాకాలంలో ఆ వాగు పొంగితే పెద్దవాళ్లే దాటలేరు. మండల విద్యాశాఖాధికారి, అంటే మా ఎంఈవో గారు, ఒక పాఠం చూసి విజిట్ పుస్తకంలో రాసే రిమార్కు మీదే అంతా ఆధారపడింది. నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

పరిసరాల విజ్ఞానంలో క్షేత్ర పర్యటన ఎంచుకున్నాను. పిల్లలను బయటకు తీసుకెళ్లి, చూసి, ముట్టుకుని నేర్చుకోనివ్వడం దాని పద్ధతి. పాఠ్య ప్రణాళికలో నునుపు, గరుకు, మెత్తన అని మూడు గడులు గీశాను. ముందురోజు పిల్లలకు గట్టి తర్ఫీదు ఇచ్చాను. అధికారిగారి ముందు గోల చేయకూడదు. అడిగితేనే మాట్లాడాలి. చెప్పేదేమైనా ఉంటే అరచెయ్యి ఎత్తాలి, ఒంటికి వెళ్లాలంటే ఒక్క వేలు చూపాలి. ఈ చివరి నియమాన్ని మూడుసార్లు వల్లె వేయించాను.

మర్నాడు పొద్దున్నే ఎంఈవో గారు రాగానే అందరం జీడితోటకు బయలుదేరాం. పిల్లలు రెండు వరసల్లో నడిచారు, దగ్గు కూడా నెమ్మదిగా దగ్గారు. నునుపుకు జీడాకు దొరికింది. గరుకుకు మద్ది చెట్టు బెరడు చూపించాను. మెత్తనకే ఏమీ తోచక తిరుగుతుంటే, కంచె మీద పాకిన తీగకు గుత్తులుగా కాయలు కనబడ్డాయి. చింతకాయంతేసి కాయలు, పైన బంగారు రంగు నూగు. నా అదృష్టం పండిందనుకున్నాను. ఒక గుత్తి తెంపి పైకెత్తాను.

పిల్లలంతా ఒకేసారి రెండడుగులు వెనక్కి వేశారు. నేర్పిన క్రమశిక్షణ అక్కరకొచ్చిందని పొంగిపోయాను. నాలుగో తరగతి రూతు ఒక్కత్తే చెయ్యెత్తి నిలబడింది. బడి రికార్డుకు తీసే ఫొటో కోసం నేను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని ఉన్నాను. ఎన్ని వేళ్లు ఎత్తిందో ఆనలేదు. ఒంటికి కాబోలనుకుని, తర్వాత వెళుదువుగానిలే అన్నాను. ఆ పిల్ల చెయ్యి దించలేదు. రెండో చెయ్యి కూడా ఎత్తింది. అంత అర్జెంటేమిటా అని విసుక్కున్నాను.

ముందుగా ఎవరి చేతికివ్వాలన్న విషయంలో నేను హోదా పాటించే మనిషిని. కాయను ఎంఈవో గారికే అందించాను. ఆయన వేళ్లతో నిమిరి, చెంపకు ఆనించుకుని, పట్టులా ఉందన్నారు. ఆ మాట పూర్తవుతుండగానే గోక్కోవడం మొదలుపెట్టారు. నా చేతులు అప్పటికే భగ్గుమంటున్నాయి. ఆయన చెంప గోకితే మెడకు పాకింది, మెడ గోకితే వీపుకు పాకింది. అధికారి, ప్రధానోపాధ్యాయుడు ఇద్దరూ చెరో జీడిచెట్టుకు వీపు ఆనించి రుద్దుకున్నారు. మద్ది బెరడు గరుకుగా ఉంటుందని నేను చెప్పిన పాఠం గుర్తొచ్చి ఆయన అటు పరుగెత్తారు.

పిల్లలు మాత్రం కంగారు పడలేదు. ఇద్దరు వెళ్లి మేస్తున్న ఆవుల వెనక నుంచి పచ్చిపేడ తెచ్చారు. మాకు చేతులకూ మెడకూ, ఆయనకు చెంపకూ పట్టించి, ఆరాక గీకేశారు. మంట కొంత తగ్గింది. అప్పుడు ఎంఈవో గారు పేడ చెంపతోనే రూతును దగ్గరకు పిలిచారు.

"అదేటో నీకు తెలుసా అమ్మా?"

"దూలగొండండి. అది ముడితే ఒల్లంతా దురదెట్టేస్తాదండి."

"మరి ముందే సెప్పలేదేటి?"

"సెయ్యెత్తినానండి. రెండు సేతులూ ఎత్తినాను. మాస్టారు అడగనేదు."

నాకు తల తీసేసినట్టయింది. దూలగొండి లాటిన్ పేరు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. కాయను మాత్రం అదే చూడటం. నా మూలాన బడి పోయిందని, గెడ్డ దాటే పిల్లల్లో ఈ రూతు కూడా ఉంటుందని తలచుకుంటే ఏడుపొచ్చింది.

బడికి తిరిగొచ్చాక ఆయన విజిట్ పుస్తకం తెమ్మన్నారు. ఎడం చేత్తో గోక్కుంటూ కుడిచేత్తో రాశారు. ఆ రిమార్కు నాకిప్పటికీ కంఠతా వచ్చు. "విద్యార్థులకు పరిసరాల పరిజ్ఞానం మెండుగా ఉన్నది. క్రమశిక్షణ అవసరమైనదానికన్నా ఎక్కువ ఉన్నది. తరగతులు ఇక్కడే కొనసాగించవలెను. ప్రధానోపాధ్యాయులు తమ విద్యార్థుల వద్ద శిక్షణ పొందగలరు."

తరగతులు కదలలేదు. మిగిలిన సర్వీసులో నేను రెండు పద్ధతులు పాటించాను. పాఠం చెప్పేటప్పుడు కళ్లజోడు తీయలేదు. ఎవరు చెయ్యెత్తినా, లేచినవి ఎన్ని వేళ్లో లెక్కపెట్టుకున్నాకే తర్వాతి వాక్యం మొదలుపెట్టాను.