సున్నం కింది మల్లెతీగ

జగ్గయ్యపేటలో మా ఇంటి ఎదురుగానే పాత మసీదు. మూడు కమానులు, రెండు పొట్టి మినార్లు, గుమ్మటం మెడ చుట్టూ తామర రేకులు. నవాబుల నాటిదని పెద్దలనేవారు. పునాదిలో ఏనుగును నిలబెట్టి కట్టారని, అది ఊపిరి పీల్చినప్పుడల్లా మినార్లు వెంట్రుకవాసి లేస్తాయని నేననేవాణ్ణి. నందిగామ బస్సు కోసం నిలబడ్డవాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవారు.

నా భార్య మాత్రం నమ్మేది కాదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు నందిగామ నుంచి కాపురానికొచ్చింది. మా ఊళ్లో ఆడవాళ్లు మసీదు లోపలికి వెళ్లరు. ఆ ధైర్యంతోనే, పడమటి గోడలో ఇమాము నిలబడే గూడు చుట్టూ గచ్చుతో తీర్చిన మల్లెతీగ ఉందన్నాను. నిజానికి అక్కడ కనపడేది సున్నమే. ఏటా రంజాను ముందు తలా ఒక చెయ్యి వేసి సున్నం కొట్టడం మావాళ్లకు పుణ్యం. పాత పూత గోకరు, దానిమీదే మరొకటి. గూడు అంచులు దిబ్బరొట్టెలా ఉబ్బిపోయాయి.

"తీగకి పూలెన్నండీ?" అనేది అన్నం వడ్డిస్తూ.

"లెక్కపెట్టి రేపు చెప్తా."

"రేపటికి ఇంకో రెండు పూయిస్తారుగా మీరు."

కాపురానికొచ్చిన ఆరేడేళ్లకు ఆమె విషజ్వరంతో పోయింది. ఆ ఏడు సున్నాలప్పుడు గూడు పని నాకొచ్చింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. నాకు వడ్డించేవాళ్లెవరు? సున్నం కలపడానికి తెచ్చిన ఆమె అట్లకాడతో అంచు గోకడం మొదలుపెట్టాను. ఆమెతో ఆడిన ఆ ఒక్క మాటయినా నిజం కావాలనిపించింది.

పొర మీద పొర పెచ్చులుగా రాలింది. అడుగున ఒక ఆకు, దాని పక్కన అయిదు రేకుల పువ్వు. మల్లె కాదు, అయినా పువ్వే.

సున్నపు చేతులతోనే రోడ్డు దాటి పరిగెత్తాను. తలుపు తోసి, "ఏమేవ్, ఉందే" అన్నాను. పొయ్యి చల్లగా ఉంది.

తిరిగొచ్చేసరికి మసీదు పెద్దాయన గూడు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏంది మియా, గోడకు కన్నం పెడతన్నావా?"

"పువ్వుంది చాచా."

"ఏనుగు కూడా కనపడిందా?" చత్వారపు కళ్లు, అటు చూడనైనా లేదు. "పొద్దుగూకేలోపు కానియ్యి."

కానిచ్చాను. పువ్వు మీద మాత్రం పూత పలచగా వేశాను.

బస్సు దగ్గర ఏనుగు కథ ఇప్పటికీ చెబుతున్నాను. పువ్వు సంగతి అక్కడ ఎత్తను. తీగకి పూలెన్నో ఆ రోజు లెక్కపెట్టనేలేదు.