వానకు దారులు వదిలిన ఇల్లు

అప్పట్లో, అంటే తొంభైల చివర్లో, ముంబై దగ్గర తెలుగు నేతగాళ్ళు స్థిరపడ్డ మా భివండీ పద్మనగర్‌లో మనిషి పరపతిని అతని ఇంటి చప్పుడును బట్టి కొలిచేవారు. ఎన్ని సాంచెలు (మరమగ్గాలను మావాళ్ళు అలాగే అంటారు) నడిస్తే అంత చప్పుడు, అంత మర్యాద. ముప్పై రెండు సాంచెలు నడిపించిన తాతకు నేను ఏకైక మనవణ్ణి. నాకు ఊహ తెలిసేసరికి అవి పదహారయ్యాయి, మీసం మొలిచేసరికి నాలుగయ్యాయి, ఇరవై దాటేసరికి ఒక్కటీ లేదు. ఆ చివరి నాలుగూ పాత ఇనుము కొనేవాడి టెంపో ఎక్కి వెళ్ళిపోయాక, షెడ్డంతా పోగా మిగిలిన ఒకే ఒక్క గదిలో, రేకుల కప్పు కింద, నేనూ మా బాపమ్మా (నాన్నమ్మ) ఉండేవాళ్ళం. తాతా, అమ్మా నాన్నా అప్పటికే లేరు. గల్లీలో నన్ను అందరూ ఇంకా 'సేటు' అనే పిలిచేవారు. అయితే ఆ పిలుపులో 'సే'ని కాస్త సాగదీసేవారు. ఆ సాగదీత నాకు వినపడనట్టు నడిచేవాణ్ణి. వెన్ను ఎంత నిటారుగా పెట్టుకునేవాణ్ణంటే, చొక్కా కుట్టించుకోవడానికి పోతే దర్జీ "సేటూ, జర ఊపిరి ఇడువు, కొలత తీసుకోవాలె" అని బతిమాలేవాడు.

పోయిన ఐశ్వర్యంలో నా దగ్గర మిగిలింది ఇంగ్లీషు ఒక్కటే. సాంచెలున్న రోజుల్లో తాత నన్ను ఇంగ్లీషు బడికి పంపించాడు. ఆ ఇంగ్లీషే నన్ను ఈ కథలోకి లాక్కొచ్చింది. మా గల్లీ చివర ఒక మామ ఉండేవాడు. వరసకు మామ కాదు, అందరికీ మామ. కాల్హేర్‌లో గోదాము కాపలా చేసేవాడు, క్రైస్తవం పుచ్చుకుని ఆదివారాలు తన గదిలోనే నలుగురిని కూర్చోబెట్టి ప్రార్థన చేసేవాడు కాబట్టి ప్రార్థన మామ అనేవాళ్ళం. ఆ ఏడు జూన్‌లో ఆయన పరుగులాంటి నడకతో వచ్చి, "రేయ్ సేటూ, కెనడా కెళ్ళి పిల్లలొస్తున్నరు. ఏడుగురు. ఎండాకాలం సెలవులల్ల సేవ చేస్తరంట. నా ఇంగ్లీషు ఎస్, నో కాడనే ఆగిపోతది. నువ్వు జర నోరియ్యాలె" అన్నాడు. ఎండాకాలం వాళ్ళకి. మాకు వానలు దిగే రోజులు. పాపం, వాళ్ళు నల్లకళ్ళద్దాలు, ఎండ టోపీలు, ఒంటికి రాసుకునే తెల్లటి మలాముతో సహా దిగారు. దిగిన పూటే ఒక టోపీ మోరీలో కొట్టుకుపోయింది.

అందరూ ఇరవై చుట్టుపక్కల వయసువాళ్ళే. వాళ్ళకి పెద్దగా వచ్చినమ్మాయికి మహా అయితే ఇరవై అయిదుండవచ్చు. జుట్టు బిగించి కట్టుకుని, ప్రతిదీ నోటుబుక్కులో రాసుకునేది. ఆమెను మేము బుక్కమ్మ అనేవాళ్ళం. ఇంకొకడు మా ద్వారబంధాలన్నిటినీ తలతో పలకరించి వచ్చినవాడు. వాడికి మా బాపమ్మ పెట్టిన పేరు పొడుగోడు. వాళ్ళు చేస్తామన్న సేవ ఏమిటంటే, వానలు ముదరకముందే కారుతున్న ఇళ్ళ కప్పుల మీద తాడ్‌పత్రి (టార్పాలిన్) పట్టాలు కప్పడం. పట్టాలు ఇరవై. గల్లీలో ఇళ్ళు అరవై. ఇస్తే ఎవరికివ్వాలి? "కొట్లాటలు గావొద్దురా, నువ్వే ఏదన్న ఉపాయం చెప్పు" అన్నాడు మామ. నేను గొంతు సవరించుకున్నాను. (బీదవాళ్ళను తూకం వేసే పని అప్పగిస్తే గొంతు సవరించుకోని సేటు మనవడెవడు?) అయిదు ప్రశ్నలు రాసిచ్చాను. సొంత సాంచా ఉందా, కప్పు రేకులదేనా, నిరుడు కారిందా, ఇంట్లో అరవై దాటినవాళ్ళున్నారా, పైకెక్కి బాగుచేసుకోగల మగవాళ్ళున్నారా. ఎవరూ దొంగ బీదతనం నటించకుండా ఒక్కో ప్రశ్ననూ కత్తిలా నూరి మరీ రాశాను. బుక్కమ్మ చదివి, "ఎంత న్యాయంగా ఉన్నాయి!" అని మెచ్చుకుంది. నేను తల పంకించాను.

నేను అప్పుడు ఒక గుడ్డల వ్యాపారి దగ్గర ఉత్తరాలు రాసే పని చేసేవాణ్ణి. మూడు రోజులు నాకు సెలవు దొరకలేదు. ఆ మూడు రోజుల్లో బుక్కమ్మ, మామ కలిసి గల్లీలో ఒక్క ఇల్లు కూడా వదలకుండా తిరిగారు. ఒక్క ఇల్లు కూడా, అన్న మాట నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. శనివారం సాయంత్రం మామ గది ముందు గల్లీ అంతా గుమిగూడితే, బుక్కమ్మ జాబితా చదివింది. మొదటి పేరు మా బాపమ్మది.

వెనక నుంచి ఎవరో, "వారెవ్వా, సేటు ఇల్లే ఫస్ట్ నంబర్!" అన్నారు. ఇంక నవ్వులు ఆగలేదు. నేను బుక్కమ్మ చేతిలోంచి పుస్తకం లాక్కున్నంత పని చేశాను. "పొరపాటు జరిగింది" అన్నాను ఇంగ్లీషులో. ఆమె ఓపిగ్గా, "అయిదుకి అయిదూ మీ ఇంటికే వచ్చాయి. మిగతా ఏ ఇంటికీ నాలుగు దాటలేదు. ప్రశ్నలు మీవే కదా" అంది. ఇంటికి పోయి బాపమ్మను నిలదీశాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ, "అడిగిండ్రు, చెప్పిన. అబద్ధమాడాల్నా? సాంచెలున్నయా అంటే లెవ్వన్న. ఎక్కి బాగుచేసేటోడు ఉన్నడా అంటే, మా పిలగానికి కుర్చీ ఎక్కినా కండ్లు తిరుగుతయన్న" అంది. "వాళ్ళు రేపు మతం మారమంటే?" అన్నాను, ఇంకేమీ తోచక. "వాళ్ళు నన్నేమన్లే. ఒకేళ అన్నా, మన దేవుడు ముప్పై రెండు సాంచెలిచ్చి ముప్పై రెండూ గుంజుకున్నడు. ఆయనతోటి పంచాయితీనే ఇంకా తెగలె. నడుమ ఇంకో దేవుడు నాకెందుకురా?"

ఆ రాత్రి నిశ్చయించుకున్నాను. తాత ఇల్లు బీదల పట్టికలో మొదటి వరసలో ఉండగా నేను పద్మనగర్‌లో తిరగలేను. మర్నాడు ప్రార్థన అయ్యేసరికి పోయి ఏడుగురినీ, మామనీ మా ఇంటికి భోజనానికి పిలిచాను. "వచ్చి చూడండి. చూశాక మీరే కొట్టేస్తారు" అన్నాను. ఇల్లు సర్దాను. తాత ఫొటో తుడిచాను. బాపమ్మ దగ్గర అమ్మకుండా మిగిలిన ఇత్తడి గుండిగలు ఆరు ఉండేవి. వాటిని చింతపండుతో తోమించి తలుపెదురుగా వరసగా పెట్టించాను. సర్వపిండి, కోడికూర, ఉల్లిపాయ ముక్కలు. వరాలా తలావ్ చెరువు వైపు ఆకాశం శుభ్రంగా ఉంది. ఒక్క గంట వాన ఆగితే చాలు, వంశం నిలబడుతుంది.

వాళ్ళు కూర్చుని రెండో సర్వపిండి ముక్క తుంచుతుండగా వాన దిగింది. దిగడం అంటే మామూలుగా కాదు, పైన ఎవరో బస్తాడు చిల్లర కుమ్మరించినట్టు రేకులు మోగాయి. మరో నిమిషంలో గదిలో నాలుగు చోట్ల ధార మొదలైంది. బాపమ్మ అలవాటు కొద్దీ లేచి, చక్కగా మెరుస్తున్న గుండిగలను తీసుకెళ్ళి ఒక్కో ధార కింద ఒక్కోటి పెట్టింది. మామూలు రోజుల్లో అయితే ప్లాస్టిక్ బాల్టీలు పెట్టేది. అతిథులున్నారని మర్యాదకు ఇత్తడి. ఏడుగురి చూపులూ గుండిగల మీదకు, అక్కణ్ణుంచి కప్పు మీదకు, అక్కణ్ణుంచి నా మీదకు వచ్చాయి.

"ఇది మా ఆచారం" అన్నాను. నోరు నాదే గాని మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. "వానను ఇంట్లోకి ఆహ్వానించడం మా వంశాచారం. దానికోసమే మా తాత కప్పులో దారులు వదిలాడు."

బుక్కమ్మ చేతిలో ముక్క అలాగే ఆగింది. "ఇందులో దేవుడెవరైనా ఉన్నారా?" అని మెల్లగా అడిగింది. లేడని చెప్పి ఊరుకోవచ్చు. కానీ దేవుడు లేని ఆచారం మరీ చవకగా ఉంటుందనిపించి, "వరుణుడు" అన్నాను. అంతే, ఏడుగురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. తర్వాత ఆమె ఎంతో గౌరవంగా, తమ విశ్వాసం ప్రకారం తాము ఆ గుండిగలను ముట్టలేమనీ, కానీ మా ఆచారానికి అడ్డు రాకుండా కూర్చుంటామనీ చెప్పింది. చెప్పిన మాట ప్రకారం కదలకుండా కూర్చుంది. అప్పుడే ఆమె నెత్తి మీద అయిదో ధార మొదలైంది.

"అరె, గా పిల్ల నెత్తి మీద కారుతుంది కదరా! జరుగుమను!" అంది బాపమ్మ.

"మా బాపమ్మ మిమ్మల్ని దీవిస్తోంది" అన్నాను ఇంగ్లీషులో. (మరేం చెప్పను? అది ఆచారమైతే జరగకూడదు, జరిగితే అది ఆచారం కాదు.)

బుక్కమ్మ కళ్ళలోకి నీళ్ళు కారుతుండగా బాపమ్మకు చేతులు జోడించి, దీవెనకు ధన్యవాదాలనీ, అయితే తాను దీవెనలు తన ప్రభువు నుంచి మాత్రమే తీసుకుంటాననీ అంది. చలికి వణుకుతూ, ఒక్క అంగుళం కదలకుండా. ఆ మొండితనం చూసి నాకు ఆమె మీద మొదటిసారి గౌరవం కలిగింది. మా వంశంలో పుట్టాల్సిన పిల్ల.

"ఏమంటున్నదిరా?" అంది బాపమ్మ. "కూర బాగున్నదంట" అన్నాను. "కూర బాగుంటే వణుకుతదారా ఎవలన్నా?" కోడి ఎముక నోట్లో పెట్టుకున్న మామ నా వైపు తిరిగి, "వరుణ అన్నవు. వరుణ దేవుడెట్లొచ్చిండురా నడిమిట్ల? ఏం జెప్పినవు నిజం జెప్పు" అన్నాడు. "వాన గురించి, మామా" అన్నాను. అది అబద్ధం కాదు.

అంతసేపూ పొడుగోడు తినడం మానేసి కప్పునే చూస్తున్నాడు, మా దర్జీ గుడ్డను చూసినట్టు. చివరికి నా పక్కకు జరిగి, మిగతావాళ్ళకు వినిపించనంత మెల్లగా అన్నాడు: "మా ఇంట్లోనూ ఈ ఆచారం ఉండేది. మా నాన్నకు పని పోయిన ఏడు మొదలైంది. మూడేళ్ళు పాటించాం. మా అమ్మ రంగు డబ్బాలు పెట్టేది. ఇంత అందమైనవి మాకు లేవు."

వాడు నవ్వలేదు. నవ్వి ఉంటే బయటికి పంపేసేవాణ్ణి. నా వెన్ను మాత్రం ఎందుకో ఒక రవ్వ వంగింది. వెంటనే సరిచేసుకున్నాను. బుక్కమ్మ పుస్తకం తడవకుండా గూట్లో పెట్టి ఉంది. లేచి, అది తీసి, మొదటి పేరు మీద నా చేత్తో అడ్డంగా గీత గీశాను. "ఈ ఇల్లు మీ జాబితాలో లేదు" అన్నాను అందరికీ వినపడేలా. "మీరు ఇక్కడ అతిథులు."

"సరే" అన్నాడు పొడుగోడు లేచి నిలబడి, దూలానికి తల కొట్టుకుని. "మా ఊళ్ళో అతిథి తిన్నాక ఆ ఇంట్లో ఏదో ఒక పని చెయ్యకుండా పోడు. బయట నిచ్చెన చూశాను."

"మా ఇంట్లో అతిథి పుల్ల కూడా ముట్టుకోడు."

"అయితే మీ మర్యాద మీరు కాపాడుకోండి, నా మర్యాద నన్ను కాపాడుకోనివ్వండి."

ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. వాడి ముఖంలోకి చూడాలంటే నేను మెడ వెనక్కి వాల్చాలి. ఆ రోజుకు ముందు నేను ఎవరికీ మెడ వాల్చలేదు. "ఏమైతుందిరా అక్కడ?" అంది బాపమ్మ. ఆ మధ్యాహ్నం మొదటిసారి వాడన్నది ఉన్నదున్నట్టుగా తెలుగులో చెప్పాను, రంగు డబ్బాలతో సహా. బాపమ్మ కొంగుతో బుక్కమ్మ తల తుడుస్తోంది. బుక్కమ్మ కూడా ఈసారి వద్దనలేదు. బాపమ్మ వాణ్ణి కిందికీ మీదికీ చూసి, "వాళ్ళమ్మకు నా తీరు తెలుసన్నమాట" అంది. తర్వాత నాతో, "ఎక్కమను. తిన్నడు కదా, మనింటి పిలగాడే. నువ్వు పోయి నిచ్చెన పట్టు. లోపలలోపల మిడ్కకు" అంది.

పట్టాను. వానలో, గల్లీ అంతా తలుపుల్లోంచి చూస్తుండగా, ముప్పై రెండు సాంచెల వారసుణ్ణైన నేను రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాను. అయితే ఊరికే పట్టుకుంటే కూలివాడిలా ఉంటుందని, కింది నుంచి అధికారంగా ఆజ్ఞలు జారీ చేశాను. "ఎడమకు! ఇంకా ఎడమకు! అక్కడే కట్టు!" మామ తన గది నుంచి తెచ్చిచ్చిన తాడ్‌పత్రి గురించి నాకేం తెలుసు? వాడికి అన్నీ తెలుసు, కారే కప్పు కింద పెరిగినవాడు. అయినా ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ప్రతి ఆజ్ఞకూ పైనుంచి "అలాగే సార్" అన్నాడు. నేను కట్టమన్న చోటే కట్టాడు. దిగాక ఒకసారి పైకి చూసి, నా వైపు చూసి, చేతులు తుడుచుకున్నాడు. వారం తర్వాత వాళ్ళంతా తమ దేశం పోయారు.

ఆ పట్టా జానెడు ఎడమకు జరిగి ఉంది. ఆ వానాకాలమంతా ఇల్లు పొడిగానే ఉంది, కుడి మూలలో తప్ప. ఆ మూల కారుతోందని బాపమ్మకు తెలియకముందే నా పక్క అక్కడికి మార్చుకున్నాను, గాలి బాగా వస్తుందని చెప్పి. నాలుగు నెలలు తడి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. జలుబు చేసింది, తగ్గింది, మళ్ళీ చేసింది. ఇప్పుడు స్లాబ్ ఇంట్లో పడుకుని ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాణ్ణి మందలించాలని కూడా అనిపిస్తుంది. కానీ వాడు ఒప్పుకోడు, నాకు తెలుసు. వానలో తడుస్తూనే మెడ నిక్కించి, ఆ మూల సరిగ్గా తను చెప్పినట్టే కట్టారని అంటాడు.