డబ్బాలో వట్టివేరు

రాయచోటిలో గాబ్రియేలును ఎరగని వాళ్లు ఉండొచ్చు గానీ గాబ్రియేలు డబ్బాను ఎరగని వాళ్లు లేరని మా అవ్వ సుబ్బరత్నమ్మ అనేది. ఆయన మా ఇంటి కారు డ్రైవరు. ఆ పాత కారు ముందు మడ్‌గార్డు పక్కన ఒక నూనె డబ్బాను ఇనుప తీగతో బిగించి కట్టాడు. రేడియేటరు మూత దగ్గరి నుంచి సన్నని రబ్బరు గొట్టం ఆ డబ్బా అడుగు దాకా దిగేది. ఇంజను వేడెక్కితే పొంగిన నీళ్లు డబ్బాలోకి వచ్చేవి, చల్లారితే మళ్లీ లోపలికి పోయేవి. డబ్బాలో నీళ్లు కనపడితే రేడియేటరు నిండుగా ఉన్నట్టు. డబ్బా ఎండిపోతే మూత తీసి నీళ్లు పోయాలన్నట్టు.

"ఏమప్పా గాబ్రియేలూ, నీ కారు చెంబు పట్టుకోని యాడికి పోతాండాది?" అని టీ అంగడి దాసన్న కనపడినప్పుడల్లా అడిగేవాడు.

"నీ అంగడి ఎనక్కే" అనేవాడు గాబ్రియేలు.

కరువు నేల కాబట్టి నీళ్లు పొదుపు చేస్తున్నాడని జనం అనుకునేవారు. మా అవ్వకు మాత్రం తెలుసు, ఆ డబ్బా ఆయన భయంలోంచి పుట్టిందని. వయసులో ఉండగా గాబ్రియేలు బస్సు క్లీనరు. ఒక మధ్యాహ్నం కాగుతున్న రేడియేటరు మూత తిప్పాడు. ఆవిరి మొహాన కొట్టింది. మెడ నుంచి చెంప దాకా తోలు ముడుచుకుపోయింది. ఎడమ కంటికి అప్పటి నుంచి తెల్లటి మసక తప్ప ఏమీ కనపడదు. ఆ తర్వాత ఆయన పొద్దున్నే, అదీ అరచెయ్యి ఆనించి చల్లగా ఉందని రూఢి చేసుకున్నాకే మూత తీసేవాడు. తక్కిన పొద్దంతా డబ్బాను నమ్ముకునేవాడు.

యాభై నాలుగో సంవత్సరం ఎండాకాలం. సంత దగ్గర ఈరక్క చలివేంద్రం నడుపుతోంది. ఆమె కడవల్లో వాసన కోసం వట్టివేరు వేసేది. ఖాళీ పాత్ర కంటపడితే ఆమెకు కాలు నిలిచేది కాదు. బండివాని చెంబు, గొర్రెల కాపరి సొరకాయ బుర్ర, గోడ మీద పిట్టల మూకుడు, ఎవరూ అడక్కుండానే అన్నీ నింపేది. ఆ రోజు గాబ్రియేలు మా తాతను సంతకు తెచ్చి, కారును చలివేంద్రం పందిరి నీడన నిలిపి, సద్ది తినడానికి పోయాడు.

ఇంట్లో మా చిన్నత్త ఓబులమ్మ, అప్పటికి మూడేళ్ల పిల్ల, చెనక్కాయల గోతం మీద చెయ్యి పెట్టింది. తేలు కుట్టింది. కాసేపటికే ఒళ్లంతా చెమట, నోట్లో నురగ. ఊళ్లో డాక్టరు నాడి పట్టుకుని, "కడపకు తీసుకుపోండి. ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు.

కబురు అంది గాబ్రియేలు కారు దగ్గరికి పరుగున వచ్చాడు. వంగి డబ్బాలోకి చూశాడు. అంచు దాకా నీళ్లు. గుండె కుదుటపడి, కారు తీసి ఇంటి ముందు నిలిపాడు. వెనక సీట్లో మా అవ్వ, ఒళ్లో బొంత మీద బిడ్డ, కాళ్ల దగ్గర నీళ్ల కూజా.

గువ్వలచెరువు కనుమ ఇంకా ముందుంది. దాని ముందరి మిట్ట ఎక్కుతుండగా మొదట కాలిన రబ్బరు వాసన వచ్చింది. తర్వాత బానెట్టు సందుల్లోంచి ఆవిరి. గాబ్రియేలు కారు ఆపేశాడు. చుట్టూ ఎర్రటి గుట్టలు, ఊరు లేదు, మనిషి లేడు.

"ఏమిటికి నిలిపినావు?" అంది అవ్వ.

"నీళ్లు ఉండాయమ్మా. డబ్బా నిండుగా ఉండాది. సూసే గదా తీసినా."

దిగి డబ్బా మీదికి వంగాడు. రేడియేటరు నీళ్లు తుప్పు కలిసి ఎర్రగా ఉంటాయి. ఇవి తేటగా ఉన్నాయి. పైన ఒక వట్టివేరు తునక తేలుతోంది.

"ఈరక్క పోసిందమ్మా" అన్నాడు. కారు కిందికి వంగి చూశాడు. "ఇది ఆయమ్మ నీళ్లు. రేడియేటరు కింది గొట్టం చిట్లినట్టుండాది. లోపల సుక్క లేదు."

"అయితే ఆ నీళ్లే లోపల పొయ్యి!"

"మూత తియ్యాలమ్మా. సల్లారనీ. కొంచేపు సల్లారనీ."

"ఈడ బిడ్డ సల్లగైతాంది గాబ్రియేలూ. పట్టి సూడు."

ఆయన ఓబులమ్మ పాదం పట్టుకున్నాడు. అంత ఎండలో బావి గట్టు రాయిలా చల్లగా, తడిగా ఉంది. ఆయన మూత దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"నువ్వు జరుగు, నేను తీస్తా" అంది.

"వద్దమ్మా! నీకు బిడ్డను పట్టుకోను సేతులు కావాల."

బొంత అడిగి తీసుకున్నాడు. మడత మీద మడత వేసి మూత మీద కప్పాడు. మొహం గుట్టల వైపు తిప్పుకుని కళ్లు గట్టిగా మూశాడు. చెయ్యి తిప్పబోతుంది, ఆగిపోతుంది. మళ్లీ తిప్పబోతుంది. మొదట "ప్రభువా, ప్రభువా" అన్నాడట. తర్వాత ఆ మాట కూడా పోయి వట్టి "అమ్మా, అమ్మా" అనడమే మిగిలింది. మూత కొంచెం కదిలి బుస కొట్టింది. ఆయన అట్లాగే అదిమి పట్టుకున్నాడు. బుస సన్నబడిందని ఇంకొంచెం తిప్పేసరికి లోపల మిగిలిన ఆవిరంతా ఒక్కసారిగా బొంతను తన్నుకుని లేచింది. గాబ్రియేలు కేక పెట్టి రోడ్డు మీద కూలబడ్డాడు. ముంజెయ్యి ఎర్రగా ఉడికిపోయింది.

కళ్లు మాత్రం తెరవలేదు.

"గాబ్రియేలూ, కన్ను తెరిసి సూడప్పా."

"తెరిస్తే తెల్లగుంటే, అమ్మా?"

"తెరువు. బిడ్డ గౌను ఏం రంగో సెప్పు."

కుడి రెప్ప సన్నగా ఎత్తాడు. తర్వాత, "ఎర్రది" అన్నాడు. అని ఏడ్చాడు.

అవ్వ చీర చెంగు చించి ఇస్తే చిట్లిన గొట్టానికి చుట్టి కట్టాడు. ఇంజను తిరుగుతుండగా ఈరక్క నీళ్లు కొంచెం కొంచెంగా పోశాడు. చాలకపోతే కూజాలోవి పోశాడు. కారు కనుమ దిగింది. కడప ఆసుపత్రిలో సూది మందు పడ్డాక, రాత్రి గడిచి, తెల్లవారి ఓబులమ్మ కళ్లు తెరిచి మజ్జిగ అడిగింది.

తిరిగి వచ్చాక ఈరక్కను ఏమేమి తిట్టాలో గాబ్రియేలు దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు. ఆయన చేతికున్న కట్టు చూసి ఆమె, "అయ్యో, ఏమాయనప్పా?" అంటూ దోసిట్లో నీళ్లు పోసింది. తాగాడు.

"ఈరక్కా, ఆ డబ్బాలో నీళ్లు పొయ్యాకు."

"ఖాళీగా ఉంటే ఎట్లప్పా, ఇంత ఎండలో?"

మర్నాడు కారుకు రెండో పక్కన ఇంకో డబ్బా కట్టి తెచ్చాడు. "ఇది నీది. దీంట్లో పోసుకో."

"కారుకు రెండు చెంబులాయనే!" అని దాసన్న నవ్వాడు. గాబ్రియేలు పాత డబ్బాలో వేలు ముంచి, వట్టివేరు వాసన వస్తుందేమోనని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రాలేదు. అయినా నమ్మకం చాలక, ఇంజను పూర్తిగా చల్లారేదాకా కూర్చుని, మొహం పక్కకు తిప్పుకుని, కళ్లు మూసుకుని మూత తీశాడు. మా ఇంట్లో పని చేసినన్నాళ్లూ అట్లాగే తీశాడు.