మిరప కల్లంలో మెటల్ పాట

ఆ సంగీతాన్ని కనిపెట్టింది నేను. ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఇప్పటికీ ఎవరిని అడిగినా అది మా చెల్లిదే అంటారు.

చెల్లి అంటే బాబాయి కూతురు. నాకంటే కొన్ని నెలలే చిన్నది. నరసరావుపేట పక్కన ఊళ్ళో మా రెండిళ్ళకూ మధ్య ఒక్కటే గోడ. ఇద్దరం ఒకే కాలేజీలో ఇంటర్‌లో చేరాం. ఒడ్డూ పొడుగూ, జడా, మార్కులూ అన్నీ దానికే ఎక్కువ. నా ఏడుపు భరించలేక నాన్న నాకు ఫోను కొనిచ్చాడు. దానికి లేదు. ఆ ఒక్క విషయంలోనే నాది పైచెయ్యి.

ఒకరోజు సినిమా పాటలు వింటుంటే, ఒకటి అయిపోయి దానంతటదే ఇంకేదో మొదలైంది. మొదట ఫోను స్పీకరు పగిలిందనుకున్నాను. ఏదో మంచు దేశంలో, నడుముదాకా జుట్టున్న మగవాళ్ళు తలలు గిరగిరా తిప్పుతూ గిటార్లను చితకబాదుతున్నారు. ఒకడైతే పాడటం లేదు, గాండ్రిస్తున్నాడు. దాన్ని మెటల్ అంటారని తరవాత తెలిసింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ నా కడుపులో ఉన్న కోపాన్నంతా ఎవరో నా తరఫున అరిచి పారేసినట్టుంది. ఆ పూట అన్నం కూడా సయించలేదు. పల్నాడు మొత్తంలో ఇది నాకొక్కదానికే తెలుసునని ఒకటే మురిసిపోయాను.

దాచుకుంటే సరిపోయేది. నోరు ఊరుకోక చెల్లికి వినిపించాను. నా ఇయర్‌ఫోన్సులో ఎడమవైపుది వైరు దెబ్బతిని గరగరమంటుంది. అది దానికిచ్చి, బాగున్నది నేను పెట్టుకున్నాను.

"ఏందక్కా ఇది, మా గేదెకి గొంతు పట్టినట్టుంది!" అని పడీ పడీ నవ్వింది.

హమ్మయ్య, నచ్చలేదు కదా, నాది నాకే ఉంటుందనుకున్నాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ మర్నాడూ వచ్చింది. పొమ్మనలేక ఆ గరగరదే చేతిలో పెట్టేదాన్ని.

కొన్నాళ్ళకు దొడ్లో గేదెల్ని తోలుతూ అదే గాండ్రింపు తీసింది. అచ్చం అదే! నేను అప్పటికి ఎన్నాళ్ళుగానో బాత్‌రూములో పంపు తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున సాధన చేస్తున్నాను. పిల్లి దగ్గినట్టు వచ్చేది. మా అమ్మ జలుబు చేసిందనుకొని మిరియాల కషాయం పట్టించింది. దానికి గాండ్రింపు, నాకు కషాయం. దేవుడనేవాడికి కళ్ళుంటే ఇలాగేనా పంచేది?

అంతలో నాన్న ఫోను లాక్కున్నాడు. పుస్తకం ముందు పెట్టుకొని నేను తల ఊపుతుంటే కిటికీలోంచి చూశాడు.

"పరీక్షలు పెట్టుకోని ఈ గంగిరెద్దు ఊపులేందే?"

ఫోను బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అమ్మ చెప్పినా వినలేదు, నేను ఏడ్చినా కరగలేదు. ఇక నా పాట నాకు దొరికే చోటు చెల్లి గొంతు ఒక్కటే. అంతకన్నా నగుబాటు ఉంటుందా? "ఏమే, ఆ రెండో పాట అనవే" అని దాని వెనక తిరిగేదాన్ని. అది అనేది. నేను కళ్ళు మూసుకొని వింటూ లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని.

ఆ రోజు మిరపకాయలు ఎండబోసిన కల్లానికి ఇద్దరం మజ్జిగ తీసుకెళ్ళాం. కూలికొచ్చిన ఆడవాళ్ళు పట్టాల మీద కూర్చొని రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నాయనమ్మ వాళ్ళ దగ్గరుంది. బస్తాల వెనక్కి వెళ్ళాక నేనే అడిగాను, అది అందుకుంది. పొద్దున తలంటుకొని జుట్టు ఆరబోసుకుంది. మిరప ఘాటుకు కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ మగవాళ్ళలాగే జుట్టు గిరగిరా తిప్పుతూ, ఒళ్ళు మరిచిపోయి గాండ్రించింది.

"అమ్మో, పిల్లకి అమ్మోరు పూనింది!" అని ఒకావిడ కేకపెట్టింది.

పసుపూ వేపమండలూ ఎక్కడినుంచి ఊడిపడ్డాయో తెలియదు. నాన్న పొలంలో నీళ్ళ మోటారు దగ్గర్నించి పరుగెత్తుకొచ్చాడు. నాయనమ్మ మనవరాలి ముందు మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించింది.

"పోలేరమ్మ తల్లీ, ఏం కావాలమ్మా? చీర పెట్టమంటావా? పొట్టేలును కొయ్యమంటావా?"

అది పాట, నా పాట అని నేనొక్క మాటంటే అయిపోయేది. అనబోయాను కూడా. దాన్ని కాపాడదామని కాదు. నాయనమ్మ అంతటి మనిషి దాని కాళ్ళ దగ్గర కూర్చుంటే చూడలేక. సొమ్మొకడిది, సోకొకడిది! వీళ్ళు దండాలు పెడుతున్న ఆ దేవత మొదట వచ్చింది నా దగ్గరికి కదా.

చెల్లి జుట్టు సందులోంచి నా వైపు చూసింది. నిజం తెలిస్తే పిన్ని చీపురు తిరగేస్తుందని దానికి తెలుసు. మళ్ళీ తల ఊపి, గొంతు ఇంకా కిందికి దించింది.

"నా బిడ్డని ఏడిపిస్తన్నారు. చానా ఏడిపిస్తన్నారు. దాని వస్తువు దానికిచ్చెయ్యండి."

"ఎవరు తల్లీ? ఏం వస్తువమ్మా?" అంది నాయనమ్మ.

పసుపు పూసిన చెయ్యి లేచి నన్ను చూపించింది.

"బీరువాలో పెట్టి తాళమేశారు."

కల్లమంతా నాన్న వైపు తిరిగింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఒరేయ్, ఇంకా నిలబడ్డావేందిరా, పో!" అని నాయనమ్మ కసిరింది. నాన్న మొలతాడు తడుముకుంటూ ఇంటివైపు పరుగు తీశాడు.

ఫోను తెచ్చి, కళ్ళకద్దుకొని మరీ నా చేతిలో పెట్టాడు. చెల్లి సొమ్మసిల్లినట్టు నాయనమ్మ ఒళ్ళో వాలిపోయింది. ఆడవాళ్ళంతా ఒకరి తరవాత ఒకరు వచ్చి దాని కాళ్ళకు దండం పెట్టుకున్నారు. పక్కనే నిలబడ్డ నన్ను, కాస్త తప్పుకోమన్నారు.

సాయంత్రం అది మా దాబా మీదికొచ్చింది. నుదుటి మీద పసుపు ఇంకా పోలేదు.

"సంతోషమేనా అక్కా?"

నా ఫోను దాని పుణ్యాన తిరిగొచ్చిందన్న సంగతి నాకు మింగుడు పడలేదు. ఇయర్‌ఫోన్సు తీసి, ఎప్పటిలాగే గరగరమనేది దానికిచ్చి, బాగున్నది నా చెవిలో పెట్టుకున్నాను. పాట మొదలైంది. అన్నాళ్ళ తరవాత వింటున్నా, ఎందుకో చెల్లి గొంతులో ఉన్నంత ఊపు లేదనిపించింది. పక్కకు చూస్తే అది కళ్ళు మూసుకొని, తన గొంతు మీద చెయ్యేసుకొని వింటోంది.

"గాండ్రిచ్చడం నీకెవరు నేర్పారే?" అని అడిగేశాను.

"ఎవురు నేర్పుతారక్కా? ఇందులో గరగరమంటది చూడు, అది పట్టుకున్నా. నీదాంట్లో రాదా?"

"ఇటివ్వవే," అన్నాను, "మార్చుకుందాం."