పస్తు పెడితే పోయే రోగం

మా బావ దగ్గర ఒక సుగుణం ఉంది. తెలియని విషయాన్ని కూడా తెలిసినదానికంటే ధీమాగా చెబుతాడు. భావనపాడులో ఎండుచేపల వ్యాపారం ఆయనది. నాకు రక్త క్యాన్సరని తేలాక, టెక్కలిలో నేనుండే అద్దె గది ఖాళీ చేయించి మా అప్ప, అంటే అక్కా, ఆయనా నన్ను వాళ్ళింటికి తీసుకుపోయారు. మందు విశాఖలో, తిండి అప్ప చేతిది. అంతవరకూ బాగానే ఉంది.

ఒకరోజు ఆయన ఫోనులో ఏదో వీడియో చూశాడు. క్యాన్సర్ కణాలు చక్కెర మీదే బతుకుతాయట. అంతే, బెల్లం డబ్బా అటకెక్కింది. అన్నం కూడా ఒంట్లో చక్కెరే అవుతుందని మర్నాడు ఇంకెవరో చెప్పారు. అన్నం పోయింది. వెనకే అరటిపండు, పనస తొన, చివరికి కొబ్బరినీళ్ళూ పోయాయి. కొబ్బరిచెట్ల నీడలో కూర్చుని కాకరకాయ రసం తాగిన మనిషిని ఉద్దానం మొత్తమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"ఏటి బావా ఇది? రోగంతో గాదు, ఆకలితో సచ్చిపోతాను" అన్నాను.

"నీకు తెలీదు మరదలా. మనం సేపలారేత్తేనే గదా కుక్కలొత్తాయి? ఆరెయ్యడం మానేసినావనుకో, అయ్యే ఎలిపోతాయి. రోగవూ అంతే."

పొయ్యి దగ్గర్నుంచి అప్ప అందుకుంది. "సేపలారెయ్యడం మానేత్తే మనవేటి తింతాం?"

ఆయనకది వినబడలేదు. అవసరమైనప్పుడు ఆయనకి చెవుడు వస్తుంది.

నిజం చెప్పొద్దూ, నాకూ లోపల ఆశగానే ఉండేది. కడుపు మాడ్చుకుంటే రోగం పోతుందంటే అంతకంటే ఏం కావాలి? భయపడ్డ మనిషికి ఎవరేం చెప్పినా వేదమే.

తర్వాతి ఇంజెక్షన్‌కి విశాఖ వెళ్ళేసరికి నా జాకెట్లన్నీ వదులైపోయాయి. డాక్టరమ్మ బరువు చూసింది, రక్త పరీక్ష చూసింది, మొహం గంటు పెట్టుకుంది.

"ఇంత నీరసంగా ఉంటే ఇంజెక్షన్ ఇవ్వలేను. త్వరగా కోలుకోవాలి. ఆలస్యమైతే జబ్బు మళ్ళీ తలెత్తొచ్చు."

నేను పక్కనే ఉన్న అప్ప కొంగు పట్టుకున్నాను. బావ మాత్రం తొణక్కుండా ముందుకొచ్చి కుక్కల సంగతి చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"చెడ్డ కణాలు చక్కెర ఎక్కువ తినే మాట నిజమే. కానీ ఈమె తిండి మానేస్తే ఒళ్ళు తన కండనే కరిగించి రక్తంలోకి చక్కెర పంపుతుంది. వాటికి లోటుండదు, ఈమే చిక్కిపోతుంది. వాటిని మాడ్చే పని మా ఇంజెక్షన్ చూసుకుంటుంది. ఆస్పరజిన్ అని ఒకటి ప్రతి కణానికీ కావాలి. మంచి కణాలు దాన్ని సొంతంగా తయారు చేసుకుంటాయి. ఈ జబ్బు కణాలకి అది సరిగా చేతకాదు. రక్తంలో దొరికినదాని మీద పడి బతుకుతాయి. రక్తంలో ఉన్నదాన్ని ఈ మందు నాశనం చేస్తుంది. మంచివి వండుకు తింటాయి, చెడ్డవి పస్తు పడుకుంటాయి."

"అంతే, వంట రాని మగోల్లన్నమాట" అంది అప్ప, బావ వైపు చూసి. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నూనె తగ్గించి, మిగతావన్నీ కడుపునిండా పెట్టమని పంపింది.

రైల్లో బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన మీద నాకు కోపం కుతకుతలాడుతోంది. కోటబొమ్మాళిలో దిగాక నా సంచి తన భుజానికి తగిలించుకుని, ఎటో చూస్తూ అన్నాడు.

"నిన్ను బతికించుకుందావనే సేసినాను మరదలా."

నా కోపం ఏమైందో నాకే తెలియదు.

"తెలుసు బావా. ఇకనించి తిండెట్టి బతికించు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పొద్దున్నే గంజన్నం, పదింటికి కొబ్బరినీళ్ళు, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం గుడ్డు. వద్దంటే కళ్ళెర్రజేసేవాడు. మొదట్లో ముద్ద మింగుడుపడేది కాదు. ఆయన ఎదురుగా కూర్చుని కంచం ఖాళీ అయ్యేదాకా సముద్రం కబుర్లు, సగం అబద్ధాలే, చెబుతూ ఉండేవాడు.

మళ్ళీ విశాఖ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కాగితాలు చూసి, "ఈరోజే ఇచ్చేద్దాం" అంది. అప్ప అక్కడే ఏడ్చేసింది. సూదంటే వణికే బావ కళ్ళు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. మందు ఎక్కుతుండగా, కళ్ళు తెరవకుండానే మెల్లగా అడిగాడు.

"మరదలా, మంచియ్యి వండుకుంతన్నాయా?"

"పొయ్యి ఎలిగించినాయి బావా" అన్నాను. జబ్బు తేలాక, బతుకుతాననిపించింది అప్పుడే.